సబ్‌సెంటర్ నుంచి వార్డుకి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కోవకి చెందినవి. సబ్‌సెంటర్లలో, విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో ఏళ్ళ తరబడి చేసి, ఇప్పుడు ఆసుపత్రి వార్డుల్లో చేరుతున్న నర్సులు రాసినవి. అందుకని ఈ శీర్షిక మొత్తం వాళ్ళకే ఇచ్చేశాం. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం. మోతాదులు లెక్క తెలియడానికి రాసినవి. మీ వార్డులో డాక్టరు రాసిన ఆర్డరే ఆర్డరు.

ప్రశ్న: నాలుగేళ్ళు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) చేశాను. వచ్చే నెల శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో చేరుతున్నాను. బీపీ, షుగరు, గర్భిణుల చెకప్ తప్ప మిగతావన్నీ మరిచిపోయానేమోనని భయంగా ఉంది. మొదట ఏం నేర్చుకోవాలి? (రణస్థలం)

మరిచిపోయిన పనులు రెండు మూడు వారాల్లో చేతికి తిరిగొస్తాయి. ఇబ్బంది పెట్టేవి అవి కావు. క్లినిక్‌లో మీది నెలల లెక్క. పోయిన నెల బీపీ ఎంత, ఈ నెల ఎంత, మాత్ర మింగుతున్నాడా, ఉప్పు తగ్గించాడా. మనిషి తెలుసు, ఇల్లు తెలుసు, కోడలు అన్నం ఎన్నింటికి పెడుతుందో కూడా తెలుసు. వార్డులో ఆ మనిషి ఎవరో తెలియదు గానీ, గంట కిందట ఎలా ఉన్నాడో తెలిసి తీరాలి.

న్యుమోనియాతో చేరిన అరవై రెండేళ్ళాయన ఉన్నాడనుకోండి. సాయంత్రం ఆరుకి శ్వాస నిమిషానికి 24, ఆక్సిజన్ పెట్టకుండా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 93, నాడి 112, పై బీపీ 108, జ్వరం 101. మాట్లాడుతున్నాడు, టీ కూడా తాగాడు. ఏ అంకెనీ విడిగా చూస్తే గుండె ఝల్లుమనదు. రోగి దిగజారుతున్నాడేమో ముందే పట్టించే ‘న్యూస్’ స్కోరు వేసి చూడండి. శ్వాసకి 2, శాచురేషన్‌కి 2, నాడికి 2, బీపీకి 1, జ్వరానికి 1, మొత్తం 8. 5 వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. 7, ఆపైన అయితే ఎమర్జెన్సీ. మీ వార్డులో ఆ చార్టు లేకపోయినా సరే, పట్టిక ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకోండి.

వీటిలో చాలాసార్లు ముందుగా మారేది శ్వాస. చార్టుల్లో ఎక్కువ అబద్ధం కనబడేదీ శ్వాస గడిలోనే. వరసగా 20, 20, 20 అని రాసేసి ఉంటుంది. నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, రోగికి తెలియకుండా ఛాతీ చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పసిపిల్లల న్యుమోనియాకి ఇళ్ళకెళ్ళి నిమిషం పాటు లెక్కపెట్టిన చేతులు మీవి. ఆ అలవాటు వార్డులో అందరికీ ఉండదు, మీరు మాత్రం వదలకండి.

ఫోన్లో ‘సార్, పేషెంటు బాగోలేదు’ అంటే ‘చూస్తాలే’ అని పెట్టేస్తారు. ‘మేల్ మెడికల్, 14వ బెడ్డు, నిన్న చేరిన న్యుమోనియా. రెండింటికి శ్వాస 18, ఇప్పుడు 24. ఆక్సిజన్ లేకుండా శాచురేషన్ 93, నాడి 112, బీపీ 108. స్కోరు 8. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోగా ఆక్సిజన్ ఎన్ని లీటర్లు పెట్టమంటారు?’ అనండి. ఎవరు, ఏం మారింది, ఇప్పుడు ఎంత ఉంది, మీకేం కావాలి, అంతే. చెప్పిన టైము, డాక్టరు ఇచ్చిన జవాబు కేస్‌షీటులో రాయండి.

ఇంకొక సంగతి మొదట్లో మింగుడు పడదు. క్లినిక్‌లో జ్వరానికి పారాసెటమాల్, విరేచనాలకి ఓఆర్‌ఎస్, జింకు మీరే చూసి ఇచ్చేవారు. వార్డులో ఆర్డరు లేకుండా ఒక్క పారాసెటమాల్ బిళ్ళ కూడా ఇవ్వకూడదు. చిన్నతనంగా అనిపిస్తుంది, నిజమే. కానీ రెండు గంటల కిందటే ఆయనకి నరంలో ఒక గ్రాము పారాసెటమాల్ వెళ్ళి ఉండొచ్చు, లివర్ రిపోర్టు డాక్టరు చేతిలో ఉండొచ్చు. ‘అవసరమైతే ఇవ్వండి’ అని రాస్తే మోతాదు, ఎన్ని గంటల ఎడం, రోజులో ఎన్నిసార్లకి మించకూడదు అన్నవి కూడా రాయించుకోండి. ఫోన్లో ఆర్డరు చెబితే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, టైము వేసి, డాక్టరు రాగానే సంతకం పెట్టించుకోండి.

ప్రశ్న: డ్రిప్పు చుక్కలు మా వార్డులో అందరూ కంటి అంచనాతోనే పెట్టేస్తున్నారు. నాకు లెక్క చెప్పండి. సిరంజి పంపు అంటే మరీ భయం. (చీపురుపల్లి)

ముందు సెట్టు ప్యాకెట్టు చదవండి. మామూలు సెట్టులో ఎక్కువగా మి.లీ.కి 20 చుక్కలు ఉంటాయి, మైక్రో సెట్టులో 60. మామూలు సెట్టుకైతే గంటకి ఎన్ని మి.లీ. వెళ్ళాలో చూసి మూడుతో భాగించండి, అదే నిమిషానికి చుక్కలు. 500 మి.లీ. నాలుగు గంటల్లో వెళ్ళాలంటే గంటకి 125, మూడుతో భాగిస్తే 42. గడియారం చూస్తూ 15 సెకన్లలో పది చుక్కలు పడ్డాయంటే సరిపోయినట్టే. మైక్రో సెట్టులో భాగహారమే లేదు. గంటకి 60 మి.లీ. అంటే నిమిషానికి 60 చుక్కలు.

సరిగ్గా పెట్టి వెళ్ళినా అరగంటకి మారిపోతుంది. రోగి మోచెయ్యి మడుస్తాడు, స్టాండు కిందికి దించుతారు, చుట్టాలు ‘నెమ్మదిగా పడుతోంది’ అని గొట్టం మీది చక్రం తిప్పేస్తారు. అందుకే బాటిల్‌కి పక్కన టేపు అంటించి, ఏ గంటకి ఎక్కడిదాకా దిగాలో గీతలు గీయండి. దూరం నుంచే తేడా కనబడుతుంది. గాలి కోసం బాటిల్ పైన సూది గుచ్చే అలవాటు చాలా చోట్ల ఉంది. అక్కడి నుంచి క్రిములు దిగుతాయి. గాలి దారి ఉన్న సెట్టు అడగండి.

పొటాషియం క్లోరైడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 10 మి.లీ. ఆంప్యూల్ (చిన్న మందు సీసా), 15 శాతం ద్రావణం అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే లెక్క). పక్కన డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ పెడితే తేడా తెలియనంత పోలిక. నేరుగా నరంలో తోస్తే గుండె ఆగిపోతుంది. చేతి నరంలో మామూలుగా గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లకి మించనివ్వరు. 500 మి.లీ. బాటిల్లో ఒక ఆంప్యూల్ కలిపి నాలుగు గంటలు పెడితే గంటకి 5 వెళ్తుంది. తప్పు ఎక్కువగా కలిపే దగ్గరే జరుగుతుంది. వేలాడుతున్న బాటిల్లోకే ఇంజెక్ట్ చేస్తే బరువైన పొటాషియం అడుక్కి దిగి, మొదటి పది నిమిషాల్లోనే చిక్కగా లోపలికి పోతుంది. చక్రం మూసి, బాటిల్ కిందికి దించి, కలిపి, పదిసార్లు తలకిందులు చేసి, మందు పేరు, మోతాదు, టైము, మీ సంతకంతో లేబుల్ అంటించాకే ఎక్కించండి.

ఇన్సులిన్ దగ్గర ఊరి అలవాటు మోసం చేస్తుంది. మీరు చూసిన వయల్ మి.లీ.కి 40 యూనిట్లది, ఎర్ర మూత సిరంజి. పెన్నులు, కాట్రిడ్జులు మి.లీ.కి 100 యూనిట్లవి. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో ‘10’ గీత దాకా తీస్తే వెళ్ళేది 10 కాదు, 25 యూనిట్లు. పెన్ను కాట్రిడ్జిలోంచి సిరంజితో తీసే పని ఎవరు చెప్పినా చేయకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా మి.లీ.కి 1,000 యూనిట్లది, 5,000 యూనిట్లది రెండూ ఒకే అల్మరాలో ఉంటాయి. వయల్ మీది అంకె పైకి చదివి, ఇంకొకరికి చూపించాకే తీయండి.

ఇక సిరంజి పంపు. భయం పంపుని చూసి కాదు, లోపలి మందుని చూసి ఉండాలి. పడిపోయిన బీపీని నిలబెట్టే నార్‌అడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకి 0.1 మైక్రోగ్రామ్ ఆర్డరైతే నిమిషానికి 6, గంటకి 360 మైక్రోగ్రాములు. 80తో భాగిస్తే గంటకి 4.5 మి.లీ. ఇదొక్కటి కాగితం మీద నాలుగైదుసార్లు చేస్తే మిగతా మందులన్నీ ఇదే దారి. పాత సిరంజి అయిపోయాక కొత్తది కలుపుతూ కూర్చుంటే ఈలోగా బీపీ 60కి పడిపోతుంది. అరగంట ముందే కొత్త సిరంజి నింపి, లేబుల్ వేసి సిద్ధంగా ఉంచండి. ఆ లైనులో ఇంకే ఇంజెక్షనూ తోయకండి, ట్యూబులో ఉన్న మందంతా ఒక్కసారి లోపలికి పోతుంది.

ప్రశ్న: నేను ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ కోర్సు) చేశాను. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరొచ్చా? (ఆమదాలవలస)

స్టాఫ్ నర్సు పోస్టుకి జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ కావాలి. ఏఎన్‌ఎం రిజిస్ట్రేషన్ ఉంటే మూడేళ్ళ జీఎన్‌ఎంలో చేరొచ్చు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఏఎన్‌ఎంలకి అక్కడ పై వయసు అడ్డు లేదు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఏఎన్‌ఎంలకే తెల్ల కోటు వేసి ఐసీయూలో నిలబెడతాయి. పొరపాటు జరిగితే మాత్రం ‘ఆవిడ అర్హత ఏమిటి?’ అన్న ప్రశ్న మీ మెడకే చుట్టుకుంటుంది. చేరే ముందు అపాయింట్‌మెంట్ కాగితంలో పోస్టు పేరు ఏం రాశారో చూసుకోండి.

ప్రశ్న: టీకాలు వేలల్లో వేశాను గానీ క్యాన్యులా పెట్టాలంటే చెయ్యి వణుకుతోంది. రక్తం కనబడుతుంది, తర్వాత ఉబ్బిపోతుంది. చుట్టాల ముందు తల కొట్టేసినట్టవుతోంది. (నరసన్నపేట)

రక్తం కనబడి తర్వాత ఉబ్బుతోందంటే మీరు నరాన్ని సరిగ్గానే కనుక్కుంటున్నారు. తప్పు తర్వాతి అడుగులో ఉంది. సూది మొన ప్లాస్టిక్ గొట్టం (క్యాన్యులా) కంటే కొంచెం ముందుకి ఉంటుంది. వెనక గదిలో రక్తం కనబడేసరికి సూది మొన నరంలో ఉంటుంది, ప్లాస్టిక్ అంచు ఇంకా బయటే ఉంటుంది. అప్పుడే సూది వెనక్కి లాగితే గొట్టం కండలోకి పోతుంది.

కట్టు, పొడిచే చోటికి నాలుగు వేళ్ళ పైన కట్టండి, నిమిషానికి మించి ఉంచకండి. స్పిరిట్ రాశాక ఆరనివ్వండి, తడి మీద పొడిస్తే మంట పుట్టి రోగి చెయ్యి లాగేస్తాడు. ఎడమ బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి పట్టుకోండి, నరం జారదు. 15 నుంచి 30 డిగ్రీల వాలులో వెళ్ళి, రక్తం కనబడగానే చెయ్యి కిందికి దించి, దాదాపు చర్మానికి సమాంతరంగా మరో రెండు మిల్లీమీటర్లు ముందుకి పోనివ్వండి. అప్పుడు సూదిని కదపకుండా ప్లాస్టిక్‌ని మాత్రం ముందుకి జార్చి, కట్టు విప్పి, ఆ తర్వాతే సూది తీయండి. బయటికి తీసిన సూదిని మళ్ళీ ఆ గొట్టంలోకి దూర్చకండి, ప్లాస్టిక్ ముక్క తెగి నరంలో ఉండిపోగలదు.

రక్తం ఎక్కించడానికి ఆకుపచ్చ 18 నంబరు లేదా గులాబి 20, మామూలు మందులకి నీలం 22, పసిపిల్లలకి పసుపు 24. రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే ఇంకొకరిని పిలవండి. మూడోసారి పొడిచే పంతం వద్దు. చుట్టాల్ని ‘ఐదు నిమిషాలు బయట ఉండండి’ అని ముందే పంపేయండి, సగం వణుకు దాంతోనే పోతుంది.

ప్రశ్న: సబ్‌సెంటర్‌లో ఉండగా ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం ఇచ్చి 108లో పంపేదాన్ని. ఇప్పుడు లేబర్ రూములో అలాంటి కేసుల్ని నేనే తీసుకుంటున్నాను. ఏ మోతాదు ఇచ్చారో, ఇవ్వలేదో తెలియక గందరగోళం. (గజపతినగరం)

ఈ పనిలో మీకున్న వీలు ఇంకెవరికీ లేదు, ఎందుకంటే పంపించే వైపు ఏం జరుగుతుందో మీకు తెలుసు. కిందిస్థాయిలో ఇచ్చేది కండలో 10 గ్రాములు, పిరుదుకి 5 చొప్పున. ఒక ఆంప్యూల్ 2 మి.లీ., 50 శాతం, అంటే 1 గ్రాము. స్లిప్పులో ‘మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇచ్చాం’ అని ఉంటే చాలదు. పంపిన నర్సుకే ఫోన్ చేసి ఎన్ని ఆంప్యూళ్ళు, ఎన్ని గంటలకి, రెండు వైపులా ఇచ్చారా అని అడిగి కేస్‌షీటులో రాయండి. ఫోన్ కలవకపోతే రెండు పిరుదులూ చూడండి, సూది గుర్తులు కనబడొచ్చు.

కండలో పది గ్రాములు పడిపోతే ఇక్కడ మళ్ళీ ఆ పదీ ఇవ్వరు. నరంలో ఇచ్చే 4 గ్రాముల సంగతి డాక్టరు చెబుతారు. అది 20 శాతం ద్రావణంగా ఉండాలి: నాలుగు ఆంప్యూళ్ళ 8 మి.లీ.లో 12 మి.లీ. కలిపి 20 మి.లీ. చేసి, నెమ్మదిగా, కనీసం ఐదు నిమిషాలు తీసుకుని ఇవ్వాలి. 50 శాతం మందుని కలపకుండా నరంలో తోసేయడం పెద్ద ప్రమాదం. తర్వాత ప్రతి నాలుగు గంటలకి 5 గ్రాములు, ఒక్కోసారి ఒక్కో పిరుదుకి. ఆ నాలుగు గంటలు లెక్కపెట్టేది ఆసుపత్రికి చేరిన టైము నుంచి కాదు, ఊళ్ళో ఇచ్చిన టైము నుంచి. గందరగోళమంతా ఇక్కడే.

ప్రతి డోసుకి ముందు మూడు చూడాలి: శ్వాస 16కి తగ్గకూడదు, మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి, మూత్రం గంటకి 30 మి.లీ.కి తక్కువ కాకూడదు. ఒక్కటి లేకపోయినా డోసు ఆపి డాక్టరుని పిలవాలి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం, 10 మి.లీ. ఆంప్యూల్ మంచం పక్క ట్రేలోనే ఉండాలి. స్టోరులో ఉంది అంటే లేనట్టే. మందు చివరి ఫిట్ లేదా కాన్పు, ఏది తర్వాత జరిగితే దాని నుంచి 24 గంటలు నడుస్తుంది.

ప్రశ్న: మాది ఉద్దానం. డయాలసిస్ రోగులు ఎక్కువగా వచ్చే వార్డులో చేరాను. వాళ్ళని ఊళ్ళో చూశాను గానీ మంచం మీద చూసుకోవడం కొత్త. (కవిటి)

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కాబట్టి మీ వైపు ఈ అనుభవం ఉన్న నర్సులకి పని ఉంటుంది. ముందు చెయ్యి చూడండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) ఉన్న చేతికి బీపీ కట్టకూడదు, సూది పొడవకూడదు, రక్తం తీయకూడదు. ప్రతి షిఫ్టులో దాని మీద వేళ్ళు పెడితే సన్నటి జలదరింపు తెలియాలి. అది ఆగిందంటే ఫిస్టులా మూసుకుపోతున్నట్టు, తెల్లారేదాకా ఆగకుండా చెప్పాలి. ఫిస్టులా ఇంకా పెట్టని కిడ్నీ రోగికి కూడా ముంజేతి, మోచేతి నరాలు పొడిచి పాడుచేయకండి, అరచేతి వెనక నరాలు వాడండి. రేపు ఫిస్టులా పెట్టాల్సింది ఆ ముంజేతి నరాలతోనే.

నీరసం అనగానే సెలైను అడగడం మన ఊళ్ళ అలవాటు. మూత్రం రాని మనిషికి ఆ బాటిల్ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రోజూ ఒకే టైముకి, ఒకే తూకం మీద బరువు చూడండి, తాగినదీ పోసినదీ రాయండి. నొప్పికి డైక్లోఫెనాక్ ఆర్డరు కనబడితే ఇచ్చే ముందు ‘సార్, కిడ్నీ పేషెంటు’ అని ఒక మాట అడగండి.

చుట్టాల సంచి కూడా చూడండి. ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళ సంచిలో కొబ్బరి బొండం, పనస తొనలు, పలాస జీడిపప్పు ఉంటాయి, ప్రేమతోనే తెస్తారు. మూడింటిలోనూ పొటాషియం ఎక్కువే, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. డయాలసిస్ ఒకసారి తప్పిన రోగి రెండు బొండాలు తాగితే కాళ్ళు చచ్చుబడ్డట్టై, నాడి నెమ్మదించి, ఈసీజీలో టీ తరంగం సూదిగా లేచి రావచ్చు. డాక్టరు కాల్షియం గ్లూకోనేట్, సోడా బైకార్బ్ రెండూ రాస్తే ఒకే లైనులో కలిపి ఇవ్వకండి, సున్నంలా గడ్డకడతాయి. మధ్యలో సెలైనుతో కడగాలి.

ప్రశ్న: నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరికైనా గుండె ఆగితే? (ఎస్.కోట)

ఆ టైములో చేసే పనిలో సగం, రాత్రి ఎనిమిది గంటలకే అయిపోయి ఉండాలి. డ్యూటీ తీసుకోగానే ఎమర్జెన్సీ ట్రాలీ దగ్గర ఐదు నిమిషాలు ఉండండి. లారింజోస్కోపు బల్బు వెలుగుతోందా, సక్షన్ లాగుతోందా, ఊపిరి ఇచ్చే ఆంబూ బ్యాగ్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి నొక్కితే బిగుస్తోందా, అడ్రినలిన్ పది ఆంప్యూళ్ళు ఉన్నాయా, ఆక్సిజన్ సిలిండరు తెరిచే తాళం ఎక్కడుంది. ఆ తాళం ఒక్కటి కనబడక జరిగిన ఆలస్యాలు చెప్పనలవి కావు. ట్రాలీకే గొలుసుతో కట్టేయించండి. రోగిని స్కానింగుకి తీసుకెళ్ళేటప్పుడు కూడా లెక్క ఉంది. నిండు బి టైపు సిలిండరులో దాదాపు 1,500 లీటర్లు, నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు. ముల్లు సగంలో ఉంటే గంటా పావు.

పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆడకుండా ఉంటే అక్కడే నిలబడి గట్టిగా కేకేయండి, ఆయానో పక్క వార్డు సిస్టర్నో పంపి డాక్టరుకి ఫోన్ చేయించండి. టైము చూసుకోండి. తలగడ తీసి, మంచం చదును చేసి, వీపు కింద బల్ల పెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి: 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. 30 నొక్కులకి 2 ఊపిర్లు. డాక్టరు వచ్చేదాకా ఆపకండి. ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి మారండి, అలిసిన చెయ్యి లోతుగా నొక్కదు. అడ్రినలిన్ 1 మి.గ్రా. ప్రతి 3 నుంచి 5 నిమిషాలకి. ఇచ్చాక 20 మి.లీ. సెలైను తోసి చెయ్యి పైకెత్తండి, లేకపోతే మందు మోచేతి దగ్గరే ఉండిపోతుంది. ఎవరో ఒకరు టైములు రాయాలి. కాగితం దొరక్కపోతే దుప్పటి మీదైనా రాయండి.

ప్రశ్న: చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటామంటున్నారు. ఇవ్వాలా? (బొబ్బిలి)

చూపించి, వెంటనే తీసుకుని, జిరాక్సులు ఇవ్వండి. తప్పదంటే ఏమేం ఇచ్చారో రాసి, స్టాంపు వేసిన రసీదు తీసుకోండి. బాండు ఎన్నేళ్ళు, ముందే వెళితే ఎంత కట్టాలి, నోటీసు ఎన్ని రోజులు, రాత్రి డ్యూటీలు నెలకి ఎన్ని, ఇవి కాగితం మీద ఉండాలి. జీతం నెలకి 21,000 లోపైతే ఈఎస్‌ఐ వర్తిస్తుందా అడగండి. పాత పీఎఫ్ యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తెరవనివ్వకండి. పాత ఉద్యోగం నుంచి రిలీవింగ్ ఆర్డరుతో పాటు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ హోదాలో చేశారో రాసిన సర్టిఫికెట్ తీసుకునే బయటికి రండి. నర్సింగ్ కౌన్సిల్ రెన్యువల్ గడువు చేరే ముందే చూసుకోండి.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, అంటే 0, 1, 6 నెలలు, పడ్డాయో లేదో కూడా ఇప్పుడే చూడండి. వాడిన సూది మీకు గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు.

ప్రశ్న: మా ఊరోళ్ళు వార్డుకొచ్చి ‘మన నర్సమ్మే కదా’ అని వేళగాని వేళ లోపలికొచ్చేస్తున్నారు. పక్క బెడ్డాయనకి ఏటయిందని అడుగుతున్నారు. కాదంటే పొగరంటారు. (టెక్కలి)

పక్క బెడ్డు సంగతి ఊళ్ళోవాళ్ళకి కాదు, సొంత అక్కకి కూడా చెప్పకూడదు. ‘డాక్టరుగారు చెప్పాలి చిన్నాన్నా, నేను చెబితే ఉద్యోగం పోద్ది’ అంటే ఎవరూ తప్పుపట్టరు. మీ షిఫ్టు అయ్యాక వార్డు బయట పది నిమిషాలు వాళ్ళకి ఇవ్వండి. ఆ పది నిమిషాలూ ఖాయమని తెలిస్తే డ్యూటీలో చెయ్యి పట్టుకుని లాగడం తగ్గుతుంది.

వాళ్ళ డిశ్చార్జి మాత్రం మీరే చేస్తానని ఇన్‌ఛార్జి సిస్టర్ని అడగండి. కుట్లు విప్పే తేదీ, మళ్ళీ రావాల్సిన తేదీ, ఆపేసిన పాత మందుల పేర్లు విడి కాగితం మీద పెద్దక్షరాలతో తెలుగులో రాసి, వాళ్ళ క్లినిక్ నర్సుకి ఫోన్లో ఒక ఫొటో పంపండి. ఇంట్లో డబ్బాలో మిగిలిన పాత బీపీ మాత్రలు, కొత్త మాత్రలు రెండూ కలిపి మింగి కళ్ళు తిరిగి పడిపోయి మళ్ళీ అదే బెడ్డుకి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ డబ్బా ఏ అటక మీద ఉంటుందో ఊళ్ళో ఉన్న ఆవిడకి తెలుసు.